తిథి తెలియని చావు

సుభాషిణి చెంబుడు నీళ్ళు పొయ్యిలో కుమ్మరించింది.

మంట బుస్సుమని చచ్చిపోయింది. మూకుట్లో గారెలు సగం వేగి, సగం తెల్లగా తేలుతున్నాయి. వంటిల్లంతా పొగ కమ్ముకుంది.

“ఇదేం పని అమ్మాయ్?” అంది సీతామహాలక్ష్మి. అరిటాకు మీద తట్టిన గారె ఆమె చేతిలో అలాగే ఉండిపోయింది. “పెద్దలకి పెట్టే వంట. అమావాస్య పూట పొయ్యి ఆర్పుతారా ఎవరైనా?”

“పెట్టే చెయ్యి ఎవరిదో తేలనివ్వండి అక్కయ్యా. తరవాత మళ్ళీ ముట్టించుకుందాం.”

“తేలడానికేముంది? మీ బావగారు పీట మీద కూచునే ఉన్నారు. ఏటేటా తమ్ముడికి పెడుతున్నది ఆయనేగా.”

“ఈ ఏడు పెట్టరు.”

ఆ మాట తోడికోడలి ముఖం వైపు చూడకుండానే అని, ఖాళీ చెంబు గట్టు మీద బోర్లించి, సుభాషిణి దొడ్డి వసారాలోకి నడిచింది.

వసారాలో శాస్త్రులుగారు దర్భలూ నువ్వులూ ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఆయనకెదురుగా తడిపంచెతో, వేలికి దర్భ ఉంగరంతో నాగభూషణరావు. ఊళ్ళో ఏ తగువు వచ్చినా ముందు ఆయన గడపే తొక్కుతారు. పెద్దరికం ఆయన భుజాల్లోనే ఉన్నట్టుంటుంది. గోడవార వాలుకుర్చీలో ఆయన మేనమామ శేషగిరిరావు. నందివాడ నుంచి ఏటా ఈ మహాలయ అమావాస్యకి తప్పకుండా వస్తాడు. స్తంభానికి ఆనుకుని, మోకాళ్ళు ముడుచుకుని రాజమ్మ కూర్చుంది. పీట మీద ఉన్నవాడూ ఆవిడ కొడుకే. పిండం అందుకోవలసినవాడూ ఆవిడ కొడుకే.

“శాస్త్రులుగారూ, ఒక్క మాట,” అంది సుభాషిణి. “మా ఆయనకి అమావాస్య నాడే ఎందుకు పెడుతున్నాం?”

శాస్త్రులుగారు తలెత్తి చూశారు. “కొత్తగా అడుగుతావేంటమ్మా? జగన్మోహనరావు ఏ రోజున పోయాడో ఎవరికీ తెలియదు కదా. ఇల్లు విడిచిన రోజు ఒకటి, దొరికిన రోజు ఒకటి. మధ్యలో ఎప్పుడు జరిగిందో భగవంతుడికే ఎరుక. తిథి తెలియనివాళ్ళకి అమావాస్య. ఇది నేను పెట్టిన నియమం కాదు.”

“తెలిస్తే?”

“తెలిస్తే ఆ తిథికే పెట్టాలి. తెలిసి కూడా అమావాస్యకి నెట్టడం దోషం.”

“అయితే లేవండి బావగారూ,” అంది సుభాషిణి. “తిథి తెలిసింది.”

నాగభూషణరావు లేవలేదు. ఆమె వైపు చూడనూ లేదు. వేలికున్న దర్భ ఉంగరాన్ని కాస్త పైకి జరిపి, మళ్ళీ కిందికి జరిపాడు.

ముందు మాట్లాడింది శేషగిరిరావే. “అమ్మాయ్, నీ బాధ అందరికీ తెలుసు. కానీ మగవాళ్ళు పీట మీద కూచున్నాక వచ్చి గొడవ చెయ్యడం మన ఇళ్ళల్లో లేదు. పోయినవాళ్ళు ఆకలితో వచ్చి గుమ్మం దగ్గర నిలబడే రోజిది.”

“అందుకే బాబాయిగారూ. గుమ్మంలో నిలబడ్డ మనిషికి ఎవరి చేతి ముద్ద పెడుతున్నామో తెలియాలి కదా. తనని చంపినవాడి చేతి కూడు తినమని ఆయనకి నేనెలా చెప్పను?”

రాజమ్మ మెడ ఒక్కసారి నిటారుగా అయింది.

వంటింటి గుమ్మంలో సీతామహాలక్ష్మి వచ్చి నిలబడింది. చేతులకి పిండి ఇంకా అలాగే ఉంది.

ఆ మాట అనడానికి సుభాషిణి వారం రోజుల నుంచి తనని తాను బిగబట్టుకుంటూ వచ్చింది. మొవ్వలో పుట్టింటి అరుగు మీద పడవ జకరయ్య వచ్చి కూర్చుని, చూసిందంతా చెప్పి వెళ్ళిన పూట నుంచి ఆమెకి అన్నం సహించలేదు. ఏడుపు రాలేదు. నిన్న పులిగడ్డ రేవులో బల్లకట్టు మీద ఏరు దాటుతున్నప్పుడు కూడా నీళ్ళ వైపు చూడలేదు. రాత్రి ఈ ఇంట్లోనే, ఈ మనుషుల మధ్యే పడుకుంది. బావగారు “ప్రయాణం బాగా జరిగిందా అమ్మా” అని అడిగితే “జరిగిందండీ” అని చెప్పింది. ఆ మర్యాద మాట నోట్లోంచి వచ్చినప్పుడు, తనలో ఇంత విషం ఇంత నెమ్మదిగా ఉండగలదా అని తనకే ఆశ్చర్యం కలిగింది.

పోలీసుల దగ్గరికి వెళ్ళమని ఆమె తండ్రి సలహా ఇచ్చాడు. సుభాషిణి ఒప్పుకోలేదు. పోలీసులు సాక్ష్యం కావాలంటారు. ప్లీడర్లు వస్తారు, వాయిదాలు పడతాయి, బావగారు తెల్లచొక్కా తొడుక్కుని బందరు కోర్టు వరండాలో పదిమంది మధ్య నిలబడతాడు. అది కాదు తనకి కావలసింది. ఆ పీట మీద నుంచి అతను లేవాలి. కన్నతల్లి ఎదుట, కట్టుకున్నదాని ఎదుట, తన నోటితో తను చెప్పాలి.

“చంపడమా?” అన్నాడు నాగభూషణరావు చివరికి. గొంతులో కోపం లేదు. “ఎవరు చెప్పారమ్మా నీకు?”

“మీ పడవ రేవు చెప్పింది.” సుభాషిణి దొడ్డిగుమ్మం వైపు తిరిగింది. “లోపలికి రా జకరయ్యా.”

వేపచెట్టు చాటు నుంచి జకరయ్య వచ్చాడు. ఎండిన మనిషి. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. నాగభూషణరావు వైపు చూడలేక శాస్త్రులుగారి ముందున్న రాగి చెంబు వైపు చూస్తూ నిలబడ్డాడు.

“ఆ రోజు చూసింది చెప్పు.”

“ఇద్దరయ్యగార్లూ పడమటి లంకకెల్లారండి. పెద్దయ్యగారే తెడ్డేశారు, నన్నొద్దన్నారు. లంకలో మిరపతోట మునుగుద్దేమో చూసొత్తామన్నారు. పొద్దు నడినెత్తికొచ్చేసరికి పెద్దయ్యగారొక్కరే తిరిగొచ్చారు. ఒళ్ళంతా తడిసిపోయి ఉన్నారు. చిన్నయ్యగారేరండీ అంటే, నీకెందుకు పొమ్మన్నారు.”

“ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదురా?” అన్నాడు శేషగిరిరావు.

“ఆరి నేల మీద గుడిసేసుకున్నోణ్ణండి. ఆ నేల మీదున్నన్నాళ్ళూ నోరు కట్టుకున్నాను. ఈ ఏడు వరదకి గుడిసే పోయింది, ఆ నేలా ఏట్లో కలిసిపోయింది. కరకట్ట మీద కాసింత చోటియ్యండి బాబూ అంటే ఇయ్యలేదు. ఇంకెవరికోసం కట్టుకోను?”

నాగభూషణరావు నెమ్మదిగా నవ్వబోయాడు. “విన్నారుగా మావయ్యా. చోటివ్వలేదని కడుపుమంట.”

సుభాషిణి ఆ మాటకి అడ్డు తగల్లేదు. ఇలాంటిది అంటాడని ఆమె అనుకుంటూనే ఉంది.

మూడేళ్ళ కిందట, భాద్రపదంలో, కృష్ణ పొంగి లంకలన్నీ ముంచేసింది. నీళ్ళు తీశాక అమావాస్య పోటుకి సముద్రం ఎదురు తన్నితే, హంసలదీవి దగ్గర ఇసకలో శవం తేలింది. ముఖం ఆనవాలు లేదు. మొలతాడుకున్న వెండి తాయెత్తు చూసి రాజమ్మ గుర్తుపట్టింది. సుభాషిణి అప్పటికి మొవ్వలో ఉంది. నెల తప్పిన కొత్త. కబురు విన్న వారానికే ఆ కడుపూ నిలవలేదు. తమ్ముడు షష్ఠి నాటి పొద్దున బందరు వెళ్తానన్నాడనీ, తను అప్పుడే గుడివాడ మిల్లుకి బయల్దేరుతున్నాననీ, ఆ తరవాత ఏమయ్యాడో తెలియదనీ నాగభూషణరావు అందరికీ చెప్పాడు. రాజమ్మ ఆ రోజుల్లో తమ్ముడింట్లో, నందివాడలో ఉంది. ఆ పక్షమంతా తమ్ముడు కాక ఇంట్లో ఉన్నది నాగభూషణరావూ సీతామహాలక్ష్మీ ఇద్దరే.

“కడుపుమంటో కాదో తిథి చెబుతుంది,” అంది సుభాషిణి. “షష్ఠి. శాస్త్రులుగారూ, మా ఆయన పోయింది భాద్రపద బహుళ షష్ఠి నాడు. ఆ రోజే బావగారు లంక నుంచి ఒంటరిగా పడవ తోలుకొచ్చారు.”

“షష్ఠి నాడా?” నాగభూషణరావు తల పైకెత్తాడు. మొదటిసారి ఆమె కళ్ళలోకి సూటిగా చూశాడు. ఆ చూపులో ఊరట ఉంది. “షష్ఠి నాడు నేను గుడివాడలో ఉన్నాను. మిల్లు గుమాస్తా నాంచారయ్య ఇంకా బతికే ఉన్నాడు. పిలిపించి అడుగు.”

“అబద్ధం. ఆ రోజు మీరు ఏట్లో ఉన్నారు.”

“అమ్మాయ్, నోరు అదుపులో పెట్టుకో.”

“షష్ఠి నాడు తమ్ముణ్ణి తీసుకెళ్ళి ఏట్లో తోశారు. సాయంత్రం గుడివాడ వెళ్ళి మిల్లులో కూచున్నారు. కాదంటే ప్రమాణం చెయ్యండి. మీ అమ్మగారి తల మీద చెయ్యి పెట్టి చెప్పండి.”

“ఏం ప్రమాణాలు, ఎందుకు చెయ్యాలి?” సీతామహాలక్ష్మి గుమ్మం దాటి వచ్చేసింది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. “లేనిపోని రోజులు అంటగట్టి మనిషిని హంతకుణ్ణి చేస్తావా? షష్ఠి నాడు ఆయన ఊళ్ళోనే లేరు. చీకటితోనే బండి కట్టించుకుని వెళ్ళారు, సద్ది మూటకట్టింది నేనే. ఏట్లోంచి తడిసొచ్చింది ఆ రోజు కానే కాదు. అది ఉండ్రాళ్ళ తద్దె నాడు. గౌరమ్మకి నైవేద్యం పెడుతుంటే వచ్చారు. పొడి పంచె తెచ్చిచ్చింది నేను. నాకు తెలీదూ?”

మాట ఆగిపోయింది.

ఆగాక కూడా ఆమె నోరు కొంచెం తెరుచుకునే ఉంది. అన్నదేమిటో అప్పుడు వినిపించినట్టుంది.

దొడ్డి గోడ మీద కాకి ఒకటి వాలి, అరవకుండా అటూ ఇటూ చూసింది.

“అదే నాకు కావలసింది అక్కయ్యా,” అంది సుభాషిణి. “జకరయ్యకి తిథులు తెలియవు. ఏటికి ఎర్రనీళ్ళు వచ్చిన రోజు అన్నాడు, అంతే. షష్ఠి నాడు లంకకెళ్ళారన్నది నేను కల్పించి అన్నది. బహుళ తదియ. తద్దె నాడు. ఆ తిథి ఈ ఇంట్లో అందరికంటే మీకే బాగా గుర్తుంటుంది.”

అనేశాక, ఆ రోజు తను ఎక్కడుందో ఆమెకి గుర్తొచ్చింది.

తద్దె నాడు తను మొవ్వలో ఉంది. తెల్లవారకముందే లేచి తలంటుకుని, గోంగూరా పెరుగూ వేసుకుని అన్నం తిని, ఇరుగుపొరుగు ఆడపిల్లలతో ఉయ్యాల ఊగింది. సాయంత్రం పసుపు గౌరమ్మ ముందు కూర్చుని, ఉండ్రాళ్ళు పెట్టి, మొగుడి ఆయుష్షు అడిగింది. పెళ్ళయ్యాక అదే మొదటి నోము. తను ఉయ్యాల ఊగుతున్నప్పుడు ఆయన లంక మీద ఉన్నాడన్నమాట. తను అక్షింతలు వేసుకుంటున్నప్పటికి నీళ్ళు ఎంతవరకు వచ్చి ఉంటాయి?

ఆ లెక్క వెయ్యడం ఆమె అక్కడితో ఆపింది. ఇప్పుడు ఏడిస్తే అతను బతికిపోతాడు.

“చెప్పండి బావగారూ. ఇక మీ నోటితో చెప్పండి.”

నాగభూషణరావు శాస్త్రులుగారి వైపు చూశాడు. తరవాత తల్లి వైపు చూశాడు. దర్భ ఉంగరం వేలి నుంచి తీసి నువ్వుల పక్కన పెట్టాడు.

“నేను తొయ్యలేదు,” అన్నాడు. “లంక మీద మాటా మాటా వచ్చింది. వేరు పొమ్మన్నా పోతాను, పంచి ఇచ్చెయ్యమన్నాడు. ఆ మాటకి నాకు కోపం రాలేదు. ‘నువ్వు పిల్లాజెల్లా లేనివాడివి, నీకీ పొలాలెందుకు’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. పడవ తోసుకుని వచ్చేశాను. వెనకనుంచి అరిచాడు. నవ్వులాటకి అనుకున్నాడో ఏమో, ముందు నవ్వుతూనే పిలిచాడు.”

“నీళ్ళు పెరుగుతున్నాయని తెలియదా?”

“తెలుసు. ఇంతలా పెరుగుతాయని తెలియదు. కాసేపు అక్కడే పడుంటే పొగరు దిగుతుంది, తరవాత పడవ పంపుదామనుకున్నాను.”

“ఇంటికొచ్చి ఏం చేశారు?”

ఆయన తడిపంచె కొస మోకాలి కిందికి సర్దుకున్నాడు.

“అడుగుతున్నాను. పొడి పంచె కట్టుకుని ఏం చేశారు?”

“భోంచేశాను.”

“ఏం తిన్నారు?”

“ఇక చాలు అమ్మాయ్,” అన్నాడు శేషగిరిరావు.

“చాలదు బాబాయిగారూ. మీకు వినడానికే చాలనిపిస్తోంది. మా ఆయన మిరపతోటలో నిలబడి మోకాళ్ళు మునిగేదాకా, నడుం మునిగేదాకా పడవ కోసం చూశాడు. మా అన్నయ్య వస్తాడు, రాకుండా ఎలా ఉంటాడనుకున్నాడు. ఆ సమయంలో ఈయన విస్తట్లో ఏముందో నేను తెలుసుకోవద్దా? ఏం తిన్నారు బావగారూ?”

“ఉండ్రాళ్ళు,” అన్నాడు నాగభూషణరావు. “నైవేద్యం పెట్టినవి.”

సుభాషిణి అతని ముఖం చూస్తూ నిలబడింది. మూడేళ్ళ నుంచి తెల్లచీరలో, పుట్టింటి వంటింట్లో, వదినల కళ్ళెదుట తను మింగినదంతా ఈ మనిషి ముఖంలో ఇప్పుడు కనిపించాలి. కనిపించింది. పెదవుల పక్కన చర్మం జారిపోయింది. కళ్ళు నేల మీదే అంటుకుపోయాయి. అయినా ఆమెకి కడుపు నిండలేదు. ఇంకా ఏదో కావాలనిపించింది. ఆ ఇంకా ఏమిటో ఆమెకే తెలియలేదు.

అప్పుడు రాజమ్మ లేచింది.

స్తంభం పట్టుకుని లేచి, గోడవార పేర్చిన విస్తళ్ళలోంచి ఒకటి తీసుకుంది. శాస్త్రులుగారి ముందు అప్పటికే వేసి ఉన్న విస్తరి పక్కన దాన్ని పరిచింది. కొంగుతో దానిమీద దుమ్ము తుడిచింది.

“శాస్త్రులుగారూ, రెండు పెట్టించండి.”

“రెండోది ఎవరికమ్మా?”

“పెద్దాడికి.”

“అమ్మా,” అన్నాడు నాగభూషణరావు.

ఆవిడ అతని వైపు తిరగలేదు. “ఒక్క ఏట్లోనే ఇద్దరూ పోయారు. నాకు తెలియక ఒకడికే ఏడ్చాను.”

శాస్త్రులుగారి చెయ్యి నువ్వుల మీదే ఆగిపోయింది. శేషగిరిరావు కుర్చీలోంచి లేచి, అక్కగారిని పట్టుకోబోయి, పట్టుకోకుండా ఆగిపోయాడు. సీతామహాలక్ష్మి గోడకి వీపు ఆన్చి, నెమ్మదిగా కిందికి జారి కూర్చుంది.

ఆ మాట విన్నాక సుభాషిణికి తృప్తి కలగాలి. మొవ్వ నుంచి వస్తూ తను ఊహించిన దానికంటే ఇది పెద్దది. కన్నతల్లి బతికున్న కొడుక్కి పిండం పెట్టమంది. కానీ ఆ రెండో విస్తరి చూస్తున్నకొద్దీ ఆమె ఒళ్ళు మండిపోయింది.

వంగి దాన్ని తీసేసింది.

“వద్దత్తయ్యా. పోయినవాళ్ళకి మనం దణ్ణం పెట్టాలి. దేవతలైపోయారంటాం. ఈయనకి నేను దణ్ణం పెట్టను. ఈయన్ని మీరు అంత తేలిగ్గా చంపొద్దు. బతకాలి. ఏటేటా తద్దె నాడు ఈ వసారాలోనే నిలబడి, ఏ తిథికి పోయాడో, ఎవరివల్ల పోయాడో, తను ఆ పూట ఏం తిన్నాడో చెప్పాలి. ఊళ్ళో అందరూ వినేలా చెప్పాలి. నేను మొవ్వ నుంచి వచ్చి ఎదురుగా కూచుని వింటాను. నేను పోయేదాకా.”

“అలాగే అమ్మా,” అన్నాడు నాగభూషణరావు.

వెంటనే అన్నాడు. బతిమాలలేదు, తల అడ్డంగా ఊపలేదు. ఇంతకాలం మోసిన బస్తాని ఎవరో దింపించినట్టు భుజాలు వదిలేశాడు. పీట మీద నుంచి లేచి, పక్కకి జరిగి, తల్లికి కొంచెం దూరంలో నేల మీద కూర్చున్నాడు.

ఆ తొందర సుభాషిణికి నచ్చలేదు. ఈయన మోసుకొచ్చింది ఇదొక్కటేనా?

శేషగిరిరావుకి అంత ఆలోచన లేదు. ఆయనకి కోపం ఇప్పుడే వచ్చింది. “ఒరేయ్, అదొక్కటి చెప్పు. కోపంతో వదిలేసి వచ్చావు. మనుషులన్నాక కోపాలొస్తాయి. తిన్నాక అయినా పడవ పంపడానికి నీకేం రోగం? జకరయ్య రేవులోనే ఉన్నాడు కదరా.”

“రేవులోనే ఉన్నానండి,” అన్నాడు జకరయ్య. “దీపాలేళ దాకా ఉన్నాను. నాకు కబురేం రాలేదు.”

“మరిచిపోయాను మావయ్యా.”

“తోడబుట్టినవాణ్ణి ఏట్లో పెట్టి మరిచిపోయావా?”

“అలిసిపోయి పడుకున్నాను. మరిచిపోయాను. అంతే.”

“ఆయన మరిచిపోలేదు.”

గోడవార నుంచి వచ్చింది ఆ మాట. సీతామహాలక్ష్మి తలెత్తలేదు. అరచేతులకి ఎండి అట్టకట్టిన పిండిని గోటితో గీకుతోంది.

“నువ్వు లోపలికి వెళ్ళు,” అన్నాడు నాగభూషణరావు. ఆ పొద్దుట నుంచి మొదటిసారి ఆయన గొంతు పెరిగింది. “నిన్నెవరూ ఏమీ అడగలేదు. లే. లోపలికి వెళ్ళు.”

“ఎన్నాళ్ళు వెళ్ళనండీ?”

“సీతా.”

“విస్తరి ముందు కూచునేటప్పుడు చెప్పారాయన,” అంది సీతామహాలక్ష్మి. సుభాషిణికే చెబుతోంది. కానీ చూపు ఆమె పాదాల దగ్గరే ఆగిపోయింది. “చిన్నబ్బాయి లంకలో ఉన్నాడు, జకరయ్యకి కబురు చెయ్యి, వెళ్ళి తీసుకొస్తాడు అన్నారు. సరేనన్నాను. దొడ్డిగుమ్మం దాకా వెళ్ళాను కూడా. పాలేరు లేడు. నేనే రేవు దాకా నడవచ్చు. ఎంత దూరం కనక.”

“నడిచావా?” అంది రాజమ్మ.

“నడవలేదు.”

ఆమె గీకుతున్న పిండి పొడిపొడిగా ఒళ్ళో రాలింది.

“ఆ పొద్దున్నే మొవ్వ నుంచి మనిషి వచ్చాడు. నీకు నెల తప్పిందని, శుభవార్త అని బెల్లం తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఏటేటా తద్దె నోచింది నేను. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఒక్క ఏడు తప్పలేదు. మొదటి నోముకే కడుపు పండింది నీకు. తిరిగి వచ్చి ఈయన లంకలో ఏం జరిగిందో చెప్పారు. చిన్నబ్బాయి అన్న మాట కూడా చెప్పారు. పిల్లాజెల్లా లేనివాళ్ళన్న మాట.” ఆమె ఊపిరి పీల్చుకుంది. “దొడ్డిగుమ్మంలో నిలబడ్డాను. ఇంకాసేపు నాననీ అనుకున్నాను. అంతే అనుకున్నాను, ఒట్టు. తరవాత గౌరమ్మ దగ్గరికి వచ్చి కూచున్నాను. దీపాలవేళ ఈయన లేచి, వచ్చాడా అని అడిగారు.”

నాగభూషణరావు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

“వచ్చాడన్నాను,” అంది సీతామహాలక్ష్మి. “వచ్చి, అలిగి, బందరు వెళ్ళాడన్నాను. శవం దొరికాకే నిజం చెప్పాను, ఆ షష్ఠి మాట ఈయన నా కోసం కల్పించిందే.”

సుభాషిణి చేతిలో ఆ రెండో విస్తరి ఇంకా ఉంది. ఎవరి ముఖం మీద పెట్టాలో తెలియని చూపు ఒకరి మీద నుంచి ఒకరి మీదికి జారింది. ఈ వారం రోజులూ ఒకే మనిషిని ద్వేషించడం నేర్చుకుంది. ఆ మనిషి ముఖం కప్పుకుని నేల మీద కూర్చున్నాడు. పెళ్ళయిన కొత్తలో తనకి జడ వేసిన చేతులు, పిండి రాల్చుకుంటూ, రెండడుగుల దూరంలో ఉన్నాయి.

ఆమె ఒక అడుగు ముందుకి వేసింది. సీతామహాలక్ష్మి తప్పుకోలేదు. కొట్టినా తీసుకుంటానన్నట్టు తల కొంచెం పైకెత్తింది.

రాజమ్మ ఇద్దరి మధ్యకీ రాలేదు. ఎవరినీ వారించలేదు.

వసారా నీడ జరిగి శాస్త్రులుగారి ముందున్న నువ్వుల దాకా వచ్చింది. ఆయన తలెత్తి ఎండ వైపు చూశారు.

“అమ్మా, ఈ ఏటి తదియ దాటిపోయింది గనక ఈ పూటే పెట్టాలి. అపరాహ్ణం దాటిపోతోంది. పోయినవాడు వాకిట్లో నిలబడే ఉంటాడు,” అన్నారు. “ఇంతకీ కర్త ఎవరు?”